ఆదివారం చుట్టం

2022లో నేను వేలూరు నుంచి గుడియాత్తం పోయే దారిలో ఉన్న ఒక వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో పగటి డ్యూటీ సిస్టర్‌గా చేస్తున్నాను. అంతకుముందు వేలూరులో ఆపరేషన్ వార్డులో పనిచేసినదాన్ని. అక్కడ కుట్లు విప్పగానే రోగి ఇంటికి పోతాడు, మన ముఖం కూడా గుర్తుండదు. ఇక్కడ అలా కాదు. వచ్చినవాళ్ళు ఏళ్ళ తరబడి ఉంటారు. కాఫీలో ఎవరికి చక్కెర ఎక్కువ కావాలో, ఎవరు మాత్ర నాలుక కింద దాచి తర్వాత ఉమ్మేస్తారో మనకు తెలిసిపోతుంది. అంతా తెలిశాక వాళ్ళు మన సొంతమే అనిపిస్తుంది. అలా అనిపించకూడదని ట్రైనింగ్‌లో చెప్పారు గాని, ఎలా అనిపించకుండా ఉండాలో చెప్పలేదు.

సరోజమ్మకు అప్పటికి ఎనభై దగ్గర పడుతోంది. భర్తతో కలిసి గుడియాత్తంలో లుంగీల అంగడి నడిపిన మనిషి. పిల్లలు లేరు. భర్త పోయిన కొన్నాళ్ళకు తుంటి ఎముక విరిగి మా దగ్గరికి వచ్చింది. ఆమె ఇంటికి ముందువైపు రెండు అంగళ్ళు బాడుగకు ఉన్నాయి. ఆ బాడుగే ఆమె మంచానికి, మందులకు, మూడు పూటల తిండికి ఆధారం. హోమ్‌లో అందరిదీ తమిళమే. తెలుగు మాట్లాడేది మేమిద్దరమే. రోజూ ఆమెకు బ్యాక్ కేర్ చేసేదాన్ని, అంటే ఒకే వైపు పడుకుని పుండ్లు పడకుండా వీపు తుడిచి, పౌడరు రాసి, పక్కకు తిప్పడం. ఆ కాసేపూ ఇద్దరం తెలుగులో లోకాన్నంతా ఏకిపారేసేవాళ్ళం. ఆమెకు నాకంటే దగ్గరివాళ్ళు లేరని నేను ధీమాగా ఉన్నాను.

అప్పుడు రేవతి వచ్చింది. సరోజమ్మ అంగట్లో ఒకప్పుడు కుట్టుపని చేసిన ఒకామె కూతురు. పెళ్ళై ఆర్కాడులో ఉంటుంది. ఒక ఆదివారం మల్లెపూలు, బిర్యానీ పొట్లం పట్టుకుని వచ్చి "పెద్దమ్మా" అంటూ మంచం మీదే కూర్చుంది. మా హోమ్‌లో మంచం మీద కూర్చోవడానికి వీల్లేదు. నేను చెప్పాను కూడా. సరోజమ్మ నన్నే కసురుకుంది.

"ఉండనీలే సిస్టరమ్మా. అది నా బిడ్డ మాదిరి."

ఆ తర్వాత ప్రతి ఆదివారం రేవతే. సోమవారం నుంచి శనివారం దాకా రేవతి మాటలే. రేవతికి సాంబారు బాగా కుదురుతుంది, రేవతి చెయ్యి మెత్తన. నేను వీపు తుడుస్తుంటే, "అది తుడిస్తే దూది మాదిరి ఉంటాది, నీది పీచు మాదిరి ఉండాది" అంది ఒకరోజు. నాకు ఒళ్ళు మండిపోయింది. వారానికి ఒక పూట తుడిచే చెయ్యి దూదిలాగే ఉంటుంది మరి. రోజూ బెడ్‌పాన్ ఎత్తే చెయ్యి పీచు కాక ఏమవుతుంది? దాచుకోవడం ఎందుకు, ఆ పిల్ల అంటే నాకు కడుపుమంట. ఆమె కట్టుకొచ్చే చీరలు, ఆ నవ్వు, చివరికి ఆమె వచ్చే ఆటో హారన్ విన్నా గిట్టేది కాదు.

గిట్టని మనిషి మీద చూపు ఎక్కువ నిలుస్తుంది. అందుకే కొన్ని సంగతులు వేరేవాళ్ళకంటే ముందు నాకు కనిపించాయి. సరోజమ్మకు తమలపాకుల పిచ్చి. వాటికి ఆయాకు తన చేత్తో చిల్లర ఇచ్చి తెప్పించుకునేది. అది మానేసింది. అడిగితే "రేవతిని అడిగి చెప్తా" అంది. తన ఆకులకు తను ఒకరిని అడగడమేంటి? ఫోను రిపేరుకని రేవతి తీసుకుపోయింది, తిరిగి తేలేదు. ఆదివారం పూట డాక్టరు వచ్చి "నిద్ర పడుతోందా అమ్మా?" అని సరోజమ్మను అడిగితే జవాబు రేవతి చెప్పేది. సరోజమ్మ ఆమె ముఖం చూసి తల ఊపేది. అంగడి లెక్కల్లో భర్తనే నోరెత్తనివ్వని మనిషి ఆమె.

ఒక ఉదయం తల దువ్వుతుంటే ఆమె చెవి తమ్మెలు ఎర్రగా కమిలి, నీరు కారుతూ కనిపించాయి. కమ్మ చుట్టూ పచ్చటి మరక. దీన్ని కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటాం, ఒంటికి పడని వస్తువు తగిలితే చర్మం చిట్లి రసి కారడం. చవక లోహంతో చేసిన నగలకు మామూలే. కానీ సరోజమ్మ చెవులకున్నవి పెళ్ళినాటి ఏడు రాళ్ళ కమ్మలు. మేలిమి బంగారం, వజ్రాలు. పెళ్ళైనప్పటి నుంచి పడినవి ఇప్పుడెందుకు పడవు? మందు రాయడానికి కమ్మ తీశాను. సన్నటి మర. ఆ బరువు కమ్మలు మోసి మోసి సాగిన ఆమె చెవి రంధ్రంలో అది వదులుగా ఆడుతోంది. కవరింగ్ నగ, గిల్టు సరుకు.

మావాళ్ళలో ఆడవాళ్ళ చెవులు బోసిగా ఉంచరు. కమ్మలు మెరుగుకు ఇచ్చినా, ఆ పూటకు ఇంకో జత పెట్టిగాని పంపరు. అందుకే ఆయాలెవరికీ అనుమానం రాలేదు. చెవులు బోసిపోయి ఉంటే ఆ రోజే హోమంతా అడిగేది.

నేను పరుగున మేనేజరు గదికి పోయాను. ఆయన తమిళాయన, మంచివాడే. ఊపిరి తీసుకోకుండా చెప్పాను. రేవతి దొంగ అన్నాను, నాటకాలాడుతుంది అన్నాను, మొదటి రోజే నాకు తెలుసు అన్నాను. ఆయన అంతా విని, "సిస్టర్, ఇది పొరామై" అన్నాడు. అసూయ అని. "ఆ అమ్మాయి వచ్చినప్పుడల్లా మీ ముఖం చూస్తూనే ఉన్నాను."

ఆయన అన్నది అబద్ధమైతే పోట్లాడేదాన్ని.

ఆ మధ్యాహ్నం సరోజమ్మ గది తలుపు దగ్గరికి వేసి పక్కన కూర్చున్నాను. ఇలాంటప్పుడు నేరం మోపకూడదు, ఊరికే అడగాలి, చెప్పేదాకా ఆగాలి. కష్టం మీద ఆ పని చేశాను.

"కమ్మలు మార్చినారా అమ్మా?"

"మెరుగుకు ఇచ్చినా. రేవతి తీసకపోయింది."

"ఎప్పుడు తెస్తానన్నాది?"

ఆమె చెవి కమ్మ తడుముకుంది. "అది తేదు. ఇవి మర తిప్పినప్పుడే నాకు తెలిసినాది, పైపూత సరుకని. కండ్లు కనపడకపోతే వేళ్ళకు కూడా తెలియదా?"

"మరి అడగలేదేం?"

"అడిగితే రాదు. ఆదివారం ఒక మనిషి నాకోసం వస్తా ఉండాది. పోతే పోనీ."

"నేను రోజూ వస్తా ఉండాను కదమ్మా."

"నువ్వు జీతానికి వస్తావు. అది నాకోసం వస్తాది."

లేచి వెళ్ళిపోదామనుకున్నాను. రెండేళ్ళుగా నేను కడిగిన ఒళ్ళు, తినిపించిన అన్నం ఒక మాటలో కొట్టుకుపోయాయి. మోసం చేసేదానికి ప్రేమ, చాకిరీ చేసేదానికి జీతం. నా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అవి జాలితో వచ్చినవి కావు. అంతలో ఆమే అంది, "బుధవారం కారు తెస్తాది. రిజిస్టరాఫీసుకు పోవాల. ఇల్లు దాని పేరున రాస్తా ఉండా. అద్దె అదే వసూలు చేసి ఇక్కడ కడతానని చెప్పినాది."

నా ఏడుపు ఆగిపోయింది. కమ్మలు పోతే చెవులకు పోయాయి. ఇల్లు పోతే ఈ మంచం పోతుంది.

"అమ్మా, కమ్మలు మీవి. ఎవరికైనా ఇచ్చుకోండి, నేను అడ్డం రాను. కానీ ఇల్లు రాసినాక అద్దె కట్టకపోతే ఇక్కడ మిమ్మల్ని ఎన్నాళ్ళు ఉంచుతారు? మిమ్మల్ని ఇక్కడినించి పంపేస్తే అది ఆదివారం యాడికి వస్తాది?"

ఆమె అటు తిరిగి పడుకుంది.

సాయంత్రం డాక్టరు వచ్చి చెవులు చూసి, ఇది బంగారం చేసిన పుండు కాదని కేసు షీట్‌లో రాశాడు. మళ్ళీ మేనేజరు దగ్గరికి పోయాను. ఈసారి రేవతి గురించి ఒక్క మాటా అనలేదు. చెవులు ఎలా ఉన్నాయో, ఆకులు ఎప్పుడు మానేసిందో, ఫోను ఎక్కడుందో, బుధవారం ఎక్కడికి తీసుకెళ్తున్నారో, అంతే చెప్పాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "బుధవారం నేను ఇక్కడే ఉంటాను" అన్నాడు.

బుధవారం రేవతి కొత్త చీరలో వచ్చింది. సరోజమ్మను తయారుచేయమని నాకే చెప్పింది. సరోజమ్మ మంచం దిగలేదు.

"ఈ పొద్దు రాలేనమ్మా. అవునూ, నా కమ్మలు మెరుగైనాయా?"

"అంగట్లోనే ఉండాయి పెద్దమ్మా. వచ్చే వారం తెస్తా."

తలుపు దగ్గర నిలబడ్డ మేనేజరు నెమ్మదిగా అన్నాడు, "ఏ అంగడి? పేరు చెప్పమ్మా, మా మనిషిని పంపిస్తాను."

రేవతి నవ్వింది. ఆ నవ్వు నాకు బాగా తెలుసు, ఆ రోజు మాత్రం సగంలోనే ఆగిపోయింది. ఫోను వచ్చిందంటూ వరండాలోకి పోయింది. కారు గేటు దాటిన చప్పుడు అందరం విన్నాం. సరోజమ్మ ఒప్పుకున్నాక మేనేజరు పోలీసులకు రాసిచ్చాడు. వేలూరులో కుదువ పెట్టిన కమ్మలు చాలా నెలలకు తిరిగొచ్చాయి. ఇల్లు ఆమె పేరునే ఉంది.

నేను గెలిచాను. అయినా తర్వాతి ఆదివారాల్లో ఆమె కుర్చీ గేటు వైపే వేయించుకునేది. ఆటో చప్పుడైతే మెడ చాచేది. జైలుకు పోవలసిన మనిషి కోసం ఎదురుచూపు, కాపాడిన మనిషికి "ఆ దిండు సరిగా పెట్టు". నాకు రేవతి మీద అసూయ అప్పుడూ పోలేదు. నిజం చెప్పాలంటే ఇంకా పెరిగింది.

ఇప్పుడు కొత్తగా చేరే సిస్టర్లకు నేను చెప్పేది ఇదే. పెద్దవాళ్ళ దగ్గర దోచుకునేవాళ్ళు తాళం పగలగొట్టి రారు, పక్కన కూర్చుని కబుర్లు చెబుతూ వస్తారు. తన డబ్బుకు తనే ఒకరి అనుమతి అడుగుతుంటే, తన మాట ఇంకొకరు చెబుతుంటే, ఫోను కనిపించకుండా పోతే, ఆగి చూడండి. తలుపు వేసి ఒంటరిగా అడగండి. మీ కోపం పక్కన పెట్టి కళ్ళు చూసినంతే చెప్పండి. దొంగను పంపేశాక మాత్రం వాళ్ళు కూర్చున్న చోటు ఖాళీ అవుతుంది. దాన్ని నింపడం కూడా మన పనే.

ఆ సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. నా సెలవు ఆదివారం మామూలు చీర కట్టుకుని పోయి ఆమె పక్కన కూర్చున్నాను.

"ఈ పొద్దు డ్యూటీనా?"

"లేదమ్మా. ఊరికే వచ్చినాను."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. ఒకసారి గేటు వైపు చూసింది, మళ్ళీ నా వైపు తిరిగింది.

"నీకు బిడ్డలెంతమంది?" అని అడిగింది.

మేమిద్దరం అన్నేళ్ళు మాట్లాడుకున్నా, నా గురించి ఆమె అడిగిన మొదటి మాట అది.