గుండ్రటి బల్ల చుట్టూ ఆరుగురు

కోరుట్లలో ఎక్కిన బస్సులో నా పక్కన నలభై దాటిన ఒకామె గ్రూప్స్ పరీక్ష పుస్తకం ఒళ్ళో పెట్టుకుని లెక్కలు చేస్తోంది. నేను లెక్కల సారునని తెలియగానే నోట్‌బుక్ నా ముందుకు జరిపింది.

"సార్, ఆరుగురిని గుండ్రటి టేబుల్ సుట్టు ఎన్ని తీర్ల కూసోవెట్టచ్చు? నాకు నూట ఇరవై అచ్చింది. కరెక్టేనా?"

ఫోన్ చూస్తూనే, "కాదమ్మా, ఏడు వందల ఇరవై," అన్నాను.

ఆమె తన జవాబును రబ్బరుతో తుడిచేసింది. "అడిగిందే మంచిగైంది సార్. రేపే పరీక్ష. ఇగ నాకు వయసు దాటిపోతది, గిదే ఆఖరు," అంటూ జగిత్యాలలో దిగింది.

బస్సు ఇంకా స్టాండులో ఉండగానే నాకు తట్టింది. వరుసలో నిలబెడితేనే ఏడు వందల ఇరవై. గుండ్రటి బల్లకు మొదలంటూ ఉండదు కాబట్టి ఒకరిని కదలకుండా ఉంచి మిగతా ఐదుగురినే మార్చాలి. ఆమె చేసిందే సరైనది.

కిటికీ అవతల బెంచీ మీద కూర్చుని ఆమె అలాంటి లెక్కలన్నీ వెతికి మరీ తుడిచేస్తోంది. ఒక్క కేక వేస్తే వినిపించే దూరం. బస్సు నిండా మనుషులున్నారు. సారునని చెప్పుకున్న నోటితో, తప్పు చెప్పానని అరవలేకపోయాను.

బస్సు సిరిసిల్ల వైపు కదిలింది. ఆమె తలెత్తి నన్ను చూసి దండం పెట్టింది. నేనూ చేతులు జోడించాను.