ఖైదీల చర్చిలో తడి సున్నం

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. చిన్నప్పుడు మా లంక ఊళ్లో శ్మశానం పక్క దారినే నాన్నకు పొలానికి క్యారేజీ పట్టుకెళ్లేదాన్ని. ఎవరైనా భయపెట్టబోతే నవ్వొచ్చేది. అందుకే ఈ సంగతి చాలాకాలం బయట చెప్పలేదు.

గోను తుఫాను వచ్చిన మరుసటి చలికాలం అది. మస్కట్‌లో అల్ ఖువైర్ దగ్గర ఒక విదేశీ కుటుంబానికి వంట చేసేదాన్ని. ఇల్లు సర్దే పని ఓబులమ్మది. ఆమెది కడప జిల్లా. నాకంటే చిన్నది, నన్ను అక్కా అని పిలిచేది.

ఆ చలికాలంలోనే వాళ్లమ్మ పోయిందని ఫోన్ వచ్చింది. ఓబులమ్మ వీసా అప్పుడే మార్పులో ఉంది. ఇప్పుడు దేశం దాటితే తిరిగి రావడం కుదరదన్నారు. ఆమె ఏడవలేదు. ఇల్లు తుడిచింది, బట్టలు ఇస్త్రీ చేసింది. అన్నం కలిపి కంచం అలాగే వదిలేసేది. మనిషి సగమైపోయింది. ఏమైపోతుందోనని నాకు దిగులు పట్టుకుంది.

మేడమ్ కూడా గమనించినట్టుంది. ఒక శుక్రవారం పిల్లలతో సముద్రానికి వెళ్తూ మమ్మల్నీ కారెక్కించుకుంది. ఊరు దాటి చాలా దూరం పోయాక, కొండ అంచున ఒక రాళ్ల గది దగ్గర ఆపింది. వెనకటి ప్రపంచయుద్ధ కాలంలో పట్టుబడిన పరాయిదేశపు ఖైదీలను, వేరేచోటికి తరలించే ఓడ వచ్చేదాకా అక్కడ ఉంచారట. వాళ్లు కట్టుకున్న చర్చి అట అది. ఆమెకు ఎవరో చెప్పిన మాట, ఎంతవరకు నిజమో నాకు తెలియదు.

మా వంటగది కంటే కాస్త పెద్దదంతే. తుఫానుకు కప్పు ఎగిరిపోయింది. గోడలంటే మట్టితో పేర్చిన రాళ్లు. ఎదురుగోడలో శిలువ ఆకారంలో సందు వదిలారు, అందులోంచి సముద్రం కనబడుతోంది.

మేడమ్, పిల్లలు కిందికి దిగారు. మేమిద్దరం గోడ నీడ ఉందని లోపలే కూర్చున్నాం.

కాసేపటికి గోడ అవతల తాపీతో గీరుతున్న చప్పుడు వినిపించింది. ఇద్దరు ముగ్గురు మగవాళ్లు గొంతు తగ్గించి ఏదో పాడుతున్నారు. భాష తెలియలేదు. మరమ్మతు చేస్తున్నారేమో అనుకుని బయటికొచ్చి చుట్టూ చూశాను. ఆ గోడను ఆనుకునే లోయ. మనిషి నిలబడే చోటే లేదు. బయట చప్పుడూ లేదు.

తిరిగి లోపలికొస్తే మళ్లీ అదే చప్పుడు. ఓబులమ్మ గోడకు ఆనుకొని వెక్కివెక్కి ఏడుస్తోంది. ఆమె పాపిట మీద తెల్లగా ఏదో ఉంది. చున్నీతో తుడవబోయాను. సున్నం, తడి ఆరలేదు. నా వేళ్లు చురుక్కుమన్నాయి.

"అక్కా, ఎవురో నా తలమీద చెయ్యి పెట్నారు," అంది.

అమ్మ గుర్తొచ్చి అలా అనిపించిందేమో అన్నాను. తల అడ్డంగా ఊపింది.

"అమ్మది కాదు. మొగమనిషిది. పని చేసి మొరటుదేలిన చెయ్యి."

చప్పుడు ఎప్పుడు ఆగిందో నేను గమనించనేలేదు. గోడలన్నీ తడిమి చూశాను. ఎక్కడా సున్నం జాడ లేదు, అంతా పొడి మట్టి. మేడమ్‌ను అడిగితే ఇక్కడ పనులేవీ జరగడం లేదంది. చున్నీ మీద మరక చూపిస్తే, పిల్లలకు రాసిన క్రీమ్ అంటిందేమో అంది. పిల్లలు మా దగ్గరికే రాలేదు.

ఆ సాయంత్రం ఓబులమ్మ కంచం ఖాళీ చేసింది. వీసా పని అయ్యాక ఊరెళ్లి, పెద్దకర్మ దాటిపోయినా అమ్మ పేరున నలుగురికి భోజనం పెట్టి వచ్చింది.

ఇప్పుడు ఇద్దరం స్వదేశంలోనే ఉన్నాం. మొన్న ఫోన్‌లో ఒక మాట చెప్పింది. ఏటా వాళ్లమ్మ సంవత్సరీకం నాడు పక్కన ఇంకో ఇస్తరాకు వేస్తుందట. పేరైనా తెలియదు కదా, ఎవరికని పెడతావు అన్నాను.

"ఇంటికి పోలేక యాడో ఆగిపోయినోడు అక్కా. అమ్మతోపాటు ఆయప్పకూ ఒక ముద్ద పెడతాండా."

ఆ గోడ అవతల మనిషి నిలబడే చోటు లేదని నా కళ్లతో చూశాను. తడి సున్నం నా వేళ్లకే తగిలింది. ఈ రెండింటినీ ఎలా కలపాలో నాకు ఇప్పటికీ తెలియడం లేదు.