ఎలీషా మావయ్య చెవులు

మా ఎలీషా మావయ్యకు మెల్లగా మాట్లాడేవాళ్లంటే ఒళ్లు మంట. దొంగల్ని క్షమిస్తాడు, తాగుబోతుల్ని క్షమిస్తాడు. గొణిగేవాణ్ని మాత్రం ఏసుప్రభువు దిగొచ్చి చెప్పినా క్షమించడు.

"ఏటీ? ఇనపడ్నేదు! ఎదరకొచ్చి నోరు తెరిసి సెప్పు!" ఇదీ ఆయన ఊతపదం.

నెల్లిమర్ల జూట్‌మిల్లులో మగ్గాల మధ్య పనిచేసినవాడు. ఆ మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఎదురుగా నిలబడి, నోరు బారెడు తెరిచి, పెదాలు చూపిస్తూ మాట్లాడుకోవాలి. మిల్లు మానేశాక ఈయన ఊరందరిచేతా అలాగే మాట్లాడించాడు. మోతకి చెవులు పోయాయి పాపం అనుకుని, జనం 'సెవిటి ఎలీషా' అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిచినా పలికేవాడు.

ఓ ఆదివారం చర్చిలో పాస్టరుగారు కళ్లు మూసుకుని నెమ్మదిగా ప్రార్థన చేస్తున్నారు. మావయ్య లేచాడు.

"పాస్టరుగారూ! దేవుడితో మీరు గుసగుసలాడుకోడానికి మేవెందుకండీ? ఇళ్లకెల్లిపోతాం!"

పాస్టరుగారు మర్నాడే మైకు కొన్నారు. మైకు అడ్డమొచ్చి నోరు కనపడట్లేదని మళ్లీ గొడవ. పక్కన రూతమ్మ అత్త, అంటే మా నాన్న చెల్లెలు, చేతులు కట్టుకుని నవ్వుతూ కూర్చునేది. ఈ రంకెల మనిషితో ఎలా వేగుతోందో అని మేమంతా జాలిపడేవాళ్లం.

అత్త అంగన్‌వాడీ టీచరు. మావయ్య రోజూ ఆమెను సైకిల్ మీద దింపి, పసిపిల్లల మీద విరుచుకుపడేవాడు. "ఒరే గుంటడా! ఎలకపిల్లనాగ ఆ కిచకిచేట్రా? టీచరమ్మ ఎదరకెల్లి నోరు తెరిసి అడుగు!" ఆ పిల్లలు గుడ్డు అడిగితే రైలు గేటు దాకా వినపడేది.

ఇక నా సంగతి. ఇంటర్‌లో నాకు ఫిజిక్స్ పోయింది. అత్తకి చాటుగా చెప్పుకుందామని వెళ్లాను. మావయ్య మధ్యలో దూరాడు.

"ఏటే గుంటా, గొణుగుతన్నావు?"

"పోయింది మావయ్యా."

"ఏటి పోనాది?"

"ఫిజిక్స్."

"ఇనపడ్నేదు!"

"ఫిజిక్స్!" అని అరిచాను. ఎదురింటి దాలయ్య బయటికొచ్చి నన్ను ఓదార్చాడు. ఆ కోపం నాకు ఎమ్మెస్సీ పాసయ్యాక కూడా చల్లారలేదు.

2018లో నేను విశాఖలో జన్యువుల ల్యాబులో చేరాను. మా నాయనమ్మకి వినపడేది కాదు. ఇప్పుడు మా నాన్న సుందరరావుకీ వినికిడి తగ్గుతోంది. మా డాక్టర్ యమునగారికి చెబితే, చెవులు పరీక్షించే మిషను పట్టుకుని నెల్లిమర్ల వచ్చారు. నాన్నకీ, అత్తకీ, నాకూ రక్తం తీశారు.

"ఏటే ఆ జబ్బు?" అన్నాడు మావయ్య.

"గ్యాస్‌డెర్మిన్ అని ఓ రకం జన్యువులున్నాయి మావయ్యా. ఒంట్లో కణంలోకి క్రిమి దూరితే, అవి ఆ కణం గోడకి చిల్లులు పొడిపిస్తాయి. కణం చస్తూ చస్తూ చుట్టుపక్కల వాటిని లేపుతుంది. మనకి కాపలా అన్నమాట. వాటిలో ఒకటి మా ఇంట్లో తప్పుగా పుట్టిందేమోనని అనుమానం. అది ఏ క్రిమీ లేకపోయినా చెవిలోపలి కణాల్ని చంపేస్తుంది. ముందు సన్నటి గొంతులు వినపడటం మానేస్తాయి."

"అంటే కంచే సేను మేస్తన్నాదా! ఎవుడే దాన్ని కాపలా ఎట్టినోడు?" అని దేవుడి మీద కూడా కోప్పడ్డాడు.

నాకు పాత కసి పొంగింది. "డాక్టరుగారూ, ముందు ఈయన చెవులు చూడండి. ఈయనకో మిషను తగిలిస్తే ఊరు బాగుపడుతుంది" అన్నాను.

హెడ్‌ఫోన్లు పెట్టి, శబ్దం వినపడితే బటన్ నొక్కమన్నారు. నొక్కలేదు. పెంచారు. నొక్కలేదు. పక్కనున్న నాకే వినపడేంత పెంచినా కొండరాయిలా కూర్చున్నాడు. డాక్టరుగారు అవన్నీ తీసేసి, నన్ను గది అవతలి మూలకి తీసుకెళ్లి, గుసగుసగా చెప్పారు.

"ముసలాయన కావాలనే నొక్కట్లేదమ్మా."

"ఎవుడే ముసిలోడు?" అని ఈ మూల నుంచి మావయ్య ఒక్క గెంతు గెంతాడు.

అందరం బిత్తరపోయాం. అత్త మాత్రం చేతులు కట్టుకుని, మా మొహాలు చూస్తూ ఎప్పటిలాగే నవ్వుతోంది. ఆమెకి ఒక్క ముక్కా వినపడలేదు.

మావయ్యని పెరట్లోకి లాక్కెళ్లాను. "ఇన్నేళ్లూ నాటకమా? నా ఫిజిక్స్ ఊరంతా చాటిస్తావా? సిగ్గు లేదూ?" అని కడిగేశాను.

"మెల్లగా మాటాడే!"

ఆ మాట ఆయన నోట వినడం అదే మొదలు.

"మీ నాయనమ్మ పేరేటే?"

"కరుణమ్మ."

"ఊర్లో ఎవుడికైనా తెలుసేటి? సెవిటిదాని ఇల్లేదంటే సూపించీవోరు. సచ్చినా ఆ పేరు పోనేదు. నా పెళ్లాన్ని అలగ పిలుస్తారా? నరికేస్తాను ఎదవల్ని! దానికి అంగనోడీ అంటే పేనం. సెవుడని తెలిస్తే ఉంచుతారేటే? నన్నంటే అననీ. నా సెవులు మగ్గాలు తినేసాయనుకుంటారు."

"అత్తకి తెలీదా?"

"ఊరు ఊరంతా గొణుగుతాదని సెప్పినాను. నమ్మీసింది, ఎర్రిది."

ఫలితాలు చెప్పడానికి డాక్టరుగారు అందర్నీ విశాఖ రమ్మన్నారు. ఆవిడ కాగితం మీదకి తల వంచి, "సుందరరావుగారికీ, రూతమ్మగారికీ ఆ మార్పు ఉందండి..." అని మొదలుపెట్టారు. అత్త ఆవిడ నోటి కోసం బిక్కమొహంతో వెతుక్కుంటోంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"డాక్టరుగారూ! ఎదరకొచ్చి నోరు తెరిచి చెప్పండి! మా మావయ్యకి వినపడదు!"

మావయ్య చెవి వెనక చెయ్యి పెట్టుకుని, నాకేసి గర్వంగా చూశాడు.

డాక్టరుగారు కుర్చీ జరుపుకుని, అత్తకి ఎదురుగా కూర్చుని అంతా చెప్పారు. నాకు మాత్రం ఆ మార్పు రాలేదన్నారు. పోయిన కణాలు తిరిగి రావన్నారు. చెవికి మిషను పెట్టుకుంటే పిల్లల గొంతులు వినపడతాయనీ, ఉద్యోగానికి ఢోకా లేదనీ అన్నారు. అత్త మొగుడి వైపు తిరిగింది.

"అయితే ఊరు గొణగదా?"

"గొణుగుతాది! ఎవుడు కాదన్నాడు?" అని మావయ్య బల్ల గుద్దాడు. "డాక్టరమ్మా, ఆ మిసన్లు ఇద్దరికీ ఎట్టండి!"

ఇప్పుడు చర్చిలో ఇద్దరూ మిషన్లు పెట్టుకుని పక్కపక్కన కూర్చుంటారు. సెవిటి మొగుడికి తోడుగా తనూ పెట్టుకుంది మహాతల్లి అని అత్తని ఊరంతా మెచ్చుకుంటోంది. మావయ్య ఇప్పటికీ పాస్టరుగారి మీద లేస్తూనే ఉన్నాడు.

ఆయన మిషనులో బ్యాటరీ లేదు.