నేను నేర్పిన హిందీ

మా అమ్మ ముప్ఫై ఏళ్ళు భిలాయిలో కాపురం చేసి కూడా నాన్నని హిందీలో ఆడమనిషిని చేసేసేది. "మేరా ఆద్మీ డ్యూటీ గయీ", మా ఆయన డ్యూటీకి వెళ్ళింది, అంటే కూరగాయలవాడు తక్కెడ పట్టుకునే నవ్వేవాడు. శ్రీకాకుళం నుంచి ఉక్కు ప్లాంటు పనికి వచ్చిన మా పెద్దవాళ్ళందరూ అక్కడే బోల్తా పడేవారు. తెలుగులో 'వచ్చాను' అంటే ఎవరన్నా ఒకటే. హిందీలో అలా కుదరదు. మగవాడు 'ఆయా' అనాలి, ఆడమనిషి 'ఆయీ' అనాలి. నోరు తెరిచిన ప్రతిసారీ నువ్వెవరో చెప్పుకోవాలి. చెప్పుకోలేని నాలాంటివాడికి అదెంత నరకమో ఆ భాష పుట్టించినవాళ్ళకేం తెలుసు!

అతను రైల్వే క్వార్టర్లలోని తెలుగువాళ్ళ అబ్బాయి, నా స్నేహితుడు. వాళ్ళమ్మది చర్చి, నాన్నది గుడి. నాకు ఇరవై, అతనికి ఇరవై ఒకటి. సాయంత్రం సైకిల్ మా గోడకి ఆనించి, గుమ్మంలోంచే "మై ఆ గయీ, పిన్నీ" అనేవాడు, 'గయా' అనాల్సిన చోట. అమ్మ మురిసిపోయేది. తనకి తోడు దొరికాడనీ, ఈ బాబుకీ తనలాగే హిందీ రాదనీ చెప్పుకునేది. వీధి వీధంతా అదే అనుకుంది. తెలుగువాళ్ళ పిల్లాడు, నాలిక తిరగదు, పాపం.

నిజం నాకొక్కడికే తెలుసు. అతను భిలాయిలోనే పుట్టాడు. బడిలో హిందీ వ్యాసాలకి బహుమతులు కొట్టాడు. ఒకసారి మరోదా జలాశయం గట్టు మీద నా చెయ్యి పట్టుకుని చెప్పాడు, రోజు మొత్తంలో తను తనలా ఉండేది ఆ ఒక్క ముక్కలోనేనట. పదిమంది ముందూ నిజం చెప్పేస్తాడు, పదిమందీ తప్పనుకుని నవ్వేస్తారు. ఎంత తెలివి! అతను అనే రాస్తున్నాను, ఏమని పిలవమంటావని ఏనాడూ అడగలేదు గనక.

అతన్ని ప్రేమించాను. ఇప్పుడిలా రాసేస్తున్నాను గానీ, అప్పుడు నాకు నేను కూడా చెప్పుకోలేదు. ప్రతి మంగళవారం మా సెక్టర్ హనుమంతుడి గుడికి వెళ్ళి, ఈ బుద్ధి తీసెయ్యి స్వామీ అని మొక్కేవాడిని.

ఒక ఆదివారం మార్కెట్లో టీ బండి దగ్గర మా అన్నయ్య, తన షిఫ్టువాళ్ళు నలుగురూ ఉన్నారు. మేమిద్దరం వెళ్ళాం. అతను అలవాటుగా "మై భీ పియూంగీ" అన్నాడు, నేనూ తాగుతాను అని, ఆడపిల్ల అన్నట్టే. అందరూ నవ్వారు, ఒక్కడు తప్ప. వాడు అతనితో బడిలో కలిసి చదివినవాడట. అతన్నీ నన్నూ మార్చి మార్చి చూసి నన్నడిగాడు.

"క్యోం భాయీ, ఇస్‌కో హిందీ నహీ ఆతీ క్యా?"

ఇతనికి హిందీ రాదా అని. రాదు అంటే సరిపోయేది. మా అమ్మకి రానట్టే ఇతనికీ రాదు అంటే, నవ్వేసి టీ తాగేవారు. కానీ వాడి చూపు నా మీద కూడా ఉంది. అన్నయ్య కూడా నావైపే చూస్తున్నాడు.

"వచ్చు. బాగా వచ్చు," అన్నాను హిందీలోనే. "కావాలనే అలా అంటాడు."

నిజం చెప్పడమే ధైర్యమంటారు పెద్దలు. ఛీ, ఆ ఏళ్ళన్నిటిలో నేను బయటికి చెప్పిన ఒకే ఒక్క నిజం అది.

కాలరు పట్టుకుని అతని చేత 'పియూంగా' అనిపించారు. గట్టిగా అనమన్నారు, మళ్ళీ అనమన్నారు. అతను అన్నాడు. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా. ఆ నవ్వుతో నేను తప్పించుకున్నాను. మా వీధి మొగలో అతని సైకిల్ కనపడితే చాలు, 'ఆయీ, ఆయీ' అని ఈలలు. ఆ మంగళవారం కూడా గుడికి వెళ్ళాను, నా సిగ్గులేనితనం చూడండి. ప్రేమించినందుకు క్షమించమని అడిగాను గానీ, టీ బండి దగ్గర అన్న మాటకి అడగలేదు.

నెల తర్వాత చివరిసారి వచ్చాడు. కుమ్హారిలో ఏదో పని దొరికిందని, అక్కడికే మారిపోతున్నానని చెప్పడానికి. సైకిల్ మీద వెళ్ళగలిగే దూరమే. నేను వెళ్ళలేదు. ఆ రోజు గుమ్మంలో నిలబడి "మై ఆయా హూ, పిన్నీ" అన్నాడు. అమ్మ పిండి చేతులతోనే బయటికి వచ్చింది.

"ఓలమ్మో, ఎంత బాగా అన్నావు బాబూ. ఎవులు నేర్పినారు నీకు?"

అతను చెప్పులు విప్పుతూ నా మొహంలోకి చూశాడు.

"మీ అబ్బాయే, పిన్నీ."

అమ్మకి ఎంత గర్వమో. ఇద్దరికీ టీ పెట్టింది. బతికున్నన్నాళ్ళూ వీధిలో అందరికీ చెప్పుకుంది, ఆ బాబుకి హిందీ మావోడే నేర్పినాడని. నేను ఒక్కసారి కూడా కాదనలేదు.