నాగమణక్క, లారీ అద్దాలు

కంప్యూటర్ తెరమీద బొమ్మలు గీసే కొత్త గ్రాఫిక్స్ కార్డు మొదటిసారి వేడెక్కినప్పుడు ఒక వాసన వస్తుంది. ఎండలో నిలిపిన బస్సులో సీట్ల వాసనలా ఉంటుంది. మొన్న మా షాపులో ఒక పెద్ద కార్డు బిగించి గేమ్ పెట్టగానే ఫ్యాన్లు హోరెత్తాయి, ఆ వాసన వచ్చింది, నాకు నాగమణక్క గుర్తొచ్చింది. సూర్యాపేటలో నాకు మొదటి ఉద్యోగం ఇచ్చింది ఆవిడే. ఆవిడ ఊరు ఆత్మకూర్ (ఎస్). సూర్యాపేట బస్టాండు వెనక ఉన్న ఈ కంప్యూటర్ల షాపు అప్పుడు ఆవిడదే. గొంతు పెద్దది, ఓపిక ఇంకా పెద్దది.

అక్కకో అలవాటు. ఎవరు ఎంత గొప్ప కార్డు కొన్నా గేమ్‌లో నీడలు, గడ్డి, నీళ్ల మెరుపు అన్నీ తక్కువకు దించేది. తర్వాత ఒక్కొక్కటే పెంచుతూ, "ఏమన్న ఫరక్ కొడుతుందా?" అని అడిగేది. లేదంటే మళ్లీ దించేది. నాకు చిరాకు పుట్టేది. "అంత కార్డు కొన్నది దాచుకోవడానికా అక్కా?" అన్నానొకసారి.

"గీసేది కార్డే గని చూసేది కన్ను గదనే. కన్ను అడగనిది గీయించి దాన్ని ఎందుకు పరేషాన్ చేసుడు?" అంది.

ఆ మాట నాకు మేళ్లచెరువులో అర్థమైంది. 2012 వానాకాలంలో అక్కడి సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే శ్రీను షాపుకు వచ్చాడు. వాళ్ల నాన్న వెంకన్న లారీ డ్రైవరు. రోడ్డు పక్కన ప్రమాదంలో ఎడమకాలు పోయింది. మంచం పట్టిన తండ్రి కోసం శ్రీను లారీ నడిపే గేమ్, స్టీరింగు, ఒక పెద్ద కార్డు మా దగ్గర అంతకుముందే కొని, ఇంట్లో తానే బిగించాడు. కానీ కార్డు వేసిన రోజు నుంచి ఆయన స్టీరింగు ముట్టడం లేదట. ఇంకా పెద్ద కార్డు కావాలన్నాడు. అక్క అమ్మలేదు. "ముందు సూసొద్దాం పా" అని నన్ను తీసుకుని కోదాడ మీదుగా బయల్దేరింది.

శ్రీను ఇంట్లో తెరమీద బొమ్మ అద్భుతంగా ఉంది. ప్రతి గడ్డిపరకా విడివిడిగా ఊగుతోంది, తడి రోడ్డు తళతళలాడుతోంది. వెంకన్న మాత్రం గోడవైపు తిరిగి పడుకున్నాడు. అక్క మంచం చివర కూర్చుంది.

"అన్నా, బండెందుకు తోలుతలేవు?"

అక్క కదల్లేదు. చాలాసేపటికి ఆయన, "అద్దాల్లేని బండి ఎట్టా తోలేదమ్మా?" అన్నాడు.

అప్పుడు చూశాం. తెరమీద లారీకి రెండు అద్దాలూ నల్లగా ఉన్నాయి.

"అన్నీ ఫుల్ పెడితే బొమ్మ ఆగి ఆగి వచ్చిందక్కా. అద్దాలు ఆపేస్తే సాఫీగా నడిచింది. ఎనక ఏముంటదిలే అనుకున్నా," అన్నాడు శ్రీను.

"టైరు మారుస్తుంటే ఎనక నుంచి వచ్చిన బండేరా నా కాలు తీసుకుపోయింది," అన్నాడు వెంకన్న.

శ్రీను తల దించుకున్నాడు. అక్క అతని వీపు తట్టి, ఒక్కో అద్దం కోసం కార్డు ఆ దారిని మళ్లీ ఒకసారి గీయాల్సి వస్తుందని, అందుకే అంత కార్డూ ఆయాసపడిందని చెప్పింది. తర్వాత మబ్బులు తగ్గించింది, చెట్ల నీడలు తగ్గించింది. "గడ్డి గూడ తగ్గిస్తున్నన్నా. నువ్వేం మేకల మేపుతవా?" అంటే ఆయన నవ్వాడు. చివరగా అద్దాలు వేసి పూర్తిగా పెంచింది.

వెనక రోడ్డు అద్దాల్లో కనబడగానే వెంకన్న లేచి, కొడుకు భుజం పట్టుకుని కుర్చీలోకి వచ్చాడు. లారీ కదిలింది. కాసేపటికి కుడి అద్దంలో ఒక కారు కనబడింది. ఆయన బండిని ఎడమకు జరిపి, కుడిచేయి కుర్చీ బయటికి చాచి, ముందుకు పొమ్మని ఊపాడు. కారు దాటిపోయింది. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకూ ఏడుపొచ్చింది.

అక్క ఇప్పుడు లేదు. షాపు నేను చూస్తున్నాను. మొన్న కార్డు కొన్నాయన అన్నీ ఫుల్ పెట్టమన్నాడు. నేను అన్నీ దించి, "మీరేం చూడాలనుకుంటున్నారు?" అని అడిగాను. ఆయన ఆలోచనలో పడ్డాడు. నేను తొందరపెట్టలేదు. కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాను.