ఎనభై ఐదు డిగ్రీల కెపాసిటర్

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, ఒక మే నెలలో, విజయనగరం జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రికి నన్ను విచారణకు పంపారు. ఆసుపత్రి పేరు రాయను. నేను బయోమెడికల్ ఇంజనీరుని. బయటి కంపెనీ వాళ్లు చేసే యంత్రాల మరమ్మతులు సరిగా ఉన్నాయో లేదో చూసి సంతకం పెట్టడం నా పని. అక్కడ నవజాత శిశువుల వార్డులో, బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్ పట్టపగలు ఆగిపోయింది. అలారం మోగలేదు. డ్యూటీలో ఉన్న స్టాఫ్ నర్సు సువార్తమ్మకు నిర్లక్ష్యం పేరిట అప్పటికే మెమో ఇచ్చేశారు.

నేను వెళ్లేసరికి ఆమె ఏడవడం లేదు. కోపంగా మెమో కాగితం నా ముందుకు తోసింది.

"నానేటి తప్పు సేసినాను సార్? పిల్ల కాలు ముట్టుకుంటే సల్లగా తగిలింది. ఎంటనే తీసి తల్లి గుండెల మీద పడుకోబెట్టినాను. పిల్ల బతికింది. మిషను సచ్చిపోతే మెమో నాకేటి?"

సిస్టరే స్విచ్ కట్టేసి ఉంటుందని కంపెనీ టెక్నీషియన్ రాసిచ్చాడు. మూత విప్పి చూశావా అని అడిగాను. అవసరం పడలేదన్నాడు.

నేను విప్పాను. పవర్ సప్లై బోర్డు మీద రెండు ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు నెత్తిన ఉబ్బిపోయి ఉన్నాయి. ఈ కెపాసిటర్ ఒక చిన్న డబ్బా. లోపల అల్యూమినియం రేకులు, వాటి మధ్య ద్రవంలో నానిన కాగితం చుట్ట. వేడికి ఆ ద్రవం మెల్లగా ఎండిపోతుంది. ఎండేకొద్దీ లోపలి నిరోధం పెరిగి డబ్బా ఇంకా వేడెక్కుతుంది, గ్యాసు పుట్టి తల ఉబ్బుతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. అక్కడ నూట ఐదు డిగ్రీల వేడి దాకా తట్టుకునే రకమే వాడాలని మాన్యువల్‌లో స్పష్టంగా ఉంది. వీళ్లు వేసినవి ఎనభై ఐదువి, అవీ వేడి వదిలే హీట్‌సింక్‌కు ఆనించి. అలారానికి విడిగా ఉండే బ్యాటరీ కూడా ఎప్పుడో పాడైపోయింది.

సూపరింటెండెంట్ గారు నన్ను గదిలోకి పిలిచి, సర్వీసు కాగితం ముందు పెట్టారు. ఆ కెపాసిటర్లను కంపెనీ వాళ్లు మూడు నెలల కిందటే మార్చినట్టు అందులో ఉంది. బ్యాటరీ బాగుందనీ రాశారు. కింద పరిశీలించినట్టు నా సంతకం. ఆఫీసులో కట్టగా వచ్చిన కాగితాల మీద, యంత్రం ముఖం చూడకుండా పెట్టినది.

"యంత్రం పాతబడిపోయిందని రాసెయ్యండి. లేకపోతే మీరూ ఇరుక్కుంటారు," అన్నారాయన, ఎంతో మర్యాదగా.

ఒళ్లు మండిపోయింది. ఆయన మీద కొంత, ఆ టెక్నీషియన్ మీద ఇంకొంత. ఎక్కువ భాగం నా మీదే. ఒక మనిషి చేత్తో తాకి బిడ్డను కాపాడితే, చూడకుండా సంతకాలు పెట్టినవాళ్లమంతా కలిసి ఆ చేతికే తప్పు అంటగడుతున్నాం.

కెపాసిటర్లు ఊడదీసి, ఫొటోలు తీసి, సాక్షి సంతకంతో కవరులో సీలు చేశాను. వార్డులోని మిగతా వార్మర్లూ విప్పించాను. మరో రెండింటిలో అదే సరుకు! జరిగింది జరిగినట్టు, నా సంతకం సంగతితో సహా, రిపోర్టు రాశాను.

సువార్తమ్మకు ఇచ్చిన మెమోను ఒక్క వాక్యంతో వెనక్కి తీసుకున్నారు. క్షమాపణ లేదు. నా సర్వీసు రిజిస్టరులో మందలింపు ఎక్కింది, అది న్యాయమే. కంపెనీకి హెచ్చరిక ఉత్తరం వెళ్లింది. మరుసటి ఏడు కాంట్రాక్టు మళ్లీ వాళ్లకే దక్కింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు రక్తం మరుగుతుంది.

తర్వాత ఉన్న సర్వీసులో మూత విప్పించి, విడిభాగం మీద అచ్చయిన అంకె స్వయంగా చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. ఆ పని మొదటి రోజు నుంచీ చెయ్యాల్సింది.