కత్తెరమ్మ బల్ల మీది గుండు

ఆ వీధిలో అందరూ ఆమెను కత్తెరమ్మ అనేవాళ్ళు. కత్తెర చేతిలో ఉన్నందుకు కాదు, నోట్లో ఉన్నందుకు. చొక్కా బిగుతైందని ఎవరైనా గొణిగితే, “కొలత తీసేటప్పుడు పొట్ట లోపలికి పీల్చావుగా నాయనా, ఇప్పుడూ పీల్చు” అనేది.

ఆమె తుంటి కీలు పాడైతే, కుట్టు దుకాణానికి ఎదురుగా ఉన్న ఆసుపత్రి డాక్టరు లోహపు కీలు వేశాడు. ఇక జన్మలో అరగదన్నాడు. కొన్నాళ్ళకు మిషను తొక్కినప్పుడల్లా కీచుమని చప్పుడు మొదలైంది. పాపం, మిషనుదే అనుకుని నూనె పోసింది. ఎవరిదో తెల్లగౌను మీద మరక పడేదాకా పోస్తూనే ఉంది. ఒకరోజు మంచినీళ్ళకని లేస్తే, చప్పుడు కూడా ఆమె వెంటే వంటింట్లోకి వచ్చింది. ఆ వెనకే తుంటిలో నొప్పీ వచ్చింది.

డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూశాడు. “కీలు భేషుగ్గా ఉంది. చప్పుడూ, నొప్పీ అంతా మీ భ్రమ” అన్నాడు. మళ్ళీ వెళితే మళ్ళీ అదే మాట. చెల్లెల్ని వెంటబెట్టుకుని వెళితే చెల్లెలితో, “మీ అక్కకు మనసు బాగాలేదు. కాస్త కనిపెట్టుకుని ఉండండి” అన్నాడు.

దాంతో ఇంట్లో ఆమె మాటకు విలువ పోయింది. అబ్బా అంటే చాలు, “మళ్ళీ మొదలెట్టావా అక్కా” అనేది చెల్లెలు. నొప్పి కన్నా ఆ మాటకే కత్తెరమ్మ కడుపు మండిపోయేది.

చివరికి వేరే ఊళ్ళో ఒక డాక్టరమ్మ కోసి చూసింది. కీలులోని లోహపు గుండు, అది తిరిగే లోహపు గిన్నె ఒరుసుకుని అరిగిపోయాయి. ఆ పొడి నల్లటి మడ్డిలా పేరుకుని, చుట్టూ ఉన్న కండను చంపేసింది. కీలు మార్చారు గానీ కుంటు మాత్రం మిగిలిపోయింది. “నా ఒంట్లోది, నాకే ఇవ్వండి” అని పట్టుబట్టి ఆ గుండును తెచ్చుకుంది.

గుడ్డ జారకుండా బల్ల మీద దాన్నే బరువుగా పెట్టుకుంది. ఇదేంటని అడిగిన ప్రతివాళ్ళకీ, “ఎదురింటి డాక్టరుగారు చెప్పిన భ్రమ” అని మొదలెట్టి కథంతా చెప్పేది. ఎంత చెప్పినా కసి తీరేది కాదు. ఆసుపత్రి మెట్లెక్కబోయేవాళ్ళు ముందు ఆమె గుమ్మంలో ఆగడం మొదలైంది.

“ఇక వదిలెయ్యవే అక్కా” అంది చెల్లెలు.

“వాడి మాట నమ్మినదానివి, నువ్వు మాట్లాడకు.”

చెల్లెలు తలొంచుకుని గుండీలు కుట్టుకుంది.

ఒకనాడు డాక్టరే రోడ్డు దాటి వచ్చాడు. “పొరపాటు జరిగిందమ్మా, ఒప్పుకుంటున్నా. ఆ గుండు అక్కణ్ణుంచి తీసెయ్యండి.”

కత్తెరమ్మ గుండు కింది గుడ్డను సర్దింది. “ఏ గుండు?”

“అదే, మీ ముందున్నది.”

“నాకేం కనబడట్లేదే. మీ భ్రమేమో చూసుకోండి.”

డాక్టరు దిక్కుతోచక చెల్లెలి వైపు చూశాడు. ఆమె సూది పక్కన పెట్టి లేచి తలుపు తెరిచి పట్టుకుంది.

“నాకూ కనబడట్లేదండీ. మీకు మనసు బాగున్నట్టు లేదు. రండి, మెట్టు జాగ్రత్త.”